యలమంద హిందీ

యలమందకు ఒకటే జబ్బు. హిందీ సినిమా కథని ఉన్నదున్నట్టు చెప్పలేడు. నూజివీడులో డేరా సినిమా పడినప్పుడల్లా తెర పక్కన కర్ర పట్టుకుని నిలబడి, అక్కడి మాటల్ని జనానికి తెలుగులో చెప్పేది అతనే. తెర మీద ఏం జరిగినా సరే, అతని కథలో చివరికి మొగుడొచ్చి పెళ్లాం కాళ్లు పట్టుకోవాల్సిందే. యుద్ధం సినిమాలోనూ అంతే.

"బాబాయ్, ఆవిడ పకపకా నవ్వుతుంటే ఏడుస్తోందంటావేంటి?" అని ఎవరో అరిచేవారు.

"లోపల ఏడుస్తోందిరా! నీకు కనబడదు, కూర్చో."

హిందీ ఒక్క ముక్క రాదనీ, టిక్కెట్టు ఎగ్గొట్టడానికే ఈ వేషమనీ ఊరంతా తేల్చేసింది. మామిడి తోటల్లో కూలికెళ్లే దుర్గ కూడా అలాగే అనుకునేది.

స్వరాజ్యం వచ్చిన మరుసటి వేసవిలో ఓ హాస్య చిత్రం వచ్చింది. అందులో మొగుడు ఇంకో ఆవిడ దగ్గరికి వెళ్లొచ్చినప్పుడల్లా పెళ్లానికి మిఠాయి పొట్లం తెస్తాడు. ఆ పిచ్చిది మురిసిపోయి తింటుంది. డేరాలో ఒకటే నవ్వులు. దుర్గకు మాత్రం ముళ్ల మీద కూర్చున్నట్టుంది. ఆమె మొగుడు గంగరాజు కాయల బండితో మైలవరం వెళ్లి, రెండేసి రోజులు ఉండిపోయి, మల్లెపూలతో తిరిగొస్తాడు. అక్కడెవరున్నారో అందరికీ తెలుసు. పక్కనున్న కనకమ్మ తెరని చూసి నవ్వి, దుర్గ జడలో పూలు చూసి మళ్లీ నవ్వింది. దుర్గకు తల కొట్టేసినట్టయింది. లేచి వెళ్లిపోదామనుకుంది.

యలమంద కర్రతో డేరా గుంజని టకటకా కొట్టాడు.

"నవ్వులాపండెహె! ఆవిడేమంటోందో వినండి. 'ఏమయ్యోయ్, మిఠాయి తింటే నమ్మాననుకున్నావా? నీ బండి ఎక్కడ ఆగుతుందో నాకు తెలుసు. నీ నోటితో నువ్వే చెబుతావేమోనని చూస్తున్నా' అంటోంది."

"బండేది బాబాయ్? అది కారు కదా!"

"హిందీవాళ్లు కారునీ బండే అంటారు. కూర్చో!"

నవ్వు మగవాళ్ల వైపు మళ్లింది. అందరూ గంగరాజునే చూశారు. అతను కండువా తీసి ముసుగేసుకున్నాడు. దుర్గ కదలకుండా సినిమా అంతా చూసింది.

ఇంటికెళ్లాక అదే మాట, అదే గొంతుతో మొగుణ్ణి అడిగేసింది. గంగరాజు కాళ్లయితే పట్టుకోలేదు గానీ, మర్నాడే మైలవరం బండిని తోటి బండివాడు సాంబయ్యకి అప్పగించేశాడు.

ఆ వారంలోనే తోటకి బొంబాయి వ్యాపారి వచ్చాడు. అతని మాట ఎవరికీ అంతుపట్టలేదు. కాయలు ఏరుతున్న యలమంద లేచి, గడగడా హిందీలో బేరమాడి, అతన్ని కడుపుబ్బా నవ్వించి పంపాడు.

కాయల గంపెత్తుకుని అటే వస్తున్న దుర్గ నోరు తెరిచింది. "బాబాయ్, నీకు హిందీ వచ్చా!"

"బొంబాయి రేవులో చాన్నాళ్లు మూటలు మోశానమ్మా."

"మరి ఆ సినిమాలో ఆవిడ నిజంగా ఏమంది?"

యలమంద అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "'ఇంకో మిఠాయి ఉందాండీ' అంది."

దుర్గ నవ్వాపుకోలేక గంప కింద పెట్టేసింది. "ఇవాళ కూడా అదే సినిమా అంటగా. మా ఆయన్ని ముందు వరసలో కూర్చోబెడతా. ఆ కాళ్లు పట్టుకునే ముక్క కాస్త గట్టిగా చెప్పు బాబాయ్!"