ముందే ముట్టిన పెండ్లి కానుక

మేళ్లచెరువు సున్నపురాయి గనిలో కూలికి పోయే దశరథానికి, కూతురు వర్షితకు సర్కారు మెడికల్ కాలేజీలో సీటొచ్చిందంటే సంతోషంకంటే గుబులే ఎక్కువైంది. హాస్టలుకు, పుస్తకాలకు ఎవరి ముందు చెయ్యి చాపాలి? ఆ గుబులు కనిపెట్టింది కూరగాయలమ్మే సైదమ్మ.

"ఫికర్ జెయ్యకు దశరథం. పిల్ల పెండ్లికి పెట్టేదేదో అందరం ఇప్పుడే పెడ్తం. పెండ్లికి మాత్రం ఉత్త చేతులతోనే వస్తం, ఏమనుకోకు" అని వాడకట్టంతా వినేలా చెప్పింది. చదువయ్యేదాకా వాడకట్టు ఆ మాట నిలబెట్టింది. తన నోటితో అడిగే పని లేకుండా చేసిన సైదమ్మను దశరథం కన్నతల్లిలా చూసుకున్నాడు.

మొన్న డాక్టర్ వర్షిత పెండ్లిలో ఆయన కానుకల బల్లే వేయించలేదు. మోకాళ్ల నొప్పులతో వేదిక ఎక్కబోతున్న సైదమ్మను చూసి పెండ్లికూతురే కిందికి దిగొచ్చి వంగింది. కాళ్లకు మొక్కుతుందనుకున్నారు అందరూ. వర్షిత ఆమె మోకాళ్లు ఒత్తి చూసింది.

"వాపు తగ్గలే. గోలీలు ఏసుకుంటలేవు గదా అవ్వా?" అని కోప్పడింది.

దశరథం కండువాతో కళ్లొత్తుకున్నాడు.

"పెండ్లినాడు గూడ తిడుతవానే, డాక్టరమ్మా!" అంది సైదమ్మ, మళ్లీ వాడకట్టంతా వినేలా.