శుక్రవారం మారే నంబరు

2007లో నేను కర్నూలులో ఆఫీసులకు కేబుళ్ళు లాగి, కంప్యూటర్లు కలిపే పని చేసేవాణ్ణి. డ్రిప్ పైపులు అమ్మే ఒక శెట్టిగారికి కర్నూలులో పెద్ద అంగడి, కడపలో బ్రాంచి ఉండేవి. సరుకు లెక్కలు, రేట్లు పంపుకోడానికి రెండింటి నడుమ వీపీఎన్ టన్నెల్ వేసింది నేనే.

టన్నెల్ అంటే భూమిలో తవ్వేది కాదు. రెండుచోట్లా రౌటర్ అనే చిన్న పెట్టె ఉంటుంది. ఒక పెట్టె సమాచారానికి తాళం వేసి ఇంటర్నెట్‌లోకి పంపితే రెండోది ఆ తాళం తీస్తుంది. దారిలో ఎవరు చూసినా ఏమీ అర్థం కాదు. కాకపోతే కడప పెట్టెకు కర్నూలు పెట్టె అడ్రసు, అంటే ఒక నంబరు, తెలిసి ఉండాలి.

ఆరు నెలలయ్యాక శెట్టిగారు పిలిపించి, తలుపు దగ్గరికి వేశారు.

"ఏమప్పా, మా రేట్లు బయటికి పోతాండాయని అనుమానంగా ఉండాది. కడప మాబు శుక్రవారమొస్తే చాలు, ఆ పెట్టెలో ఏందో మారుస్తాండాడంట. నిజమైతే ఈ పొద్దే పంపిచ్చేస్తా."

మాబు ఆ బ్రాంచిలో తొమ్మిదేళ్ళుగా గుమాస్తా. ముగ్గురు పిల్లలున్న మనిషి. కడప బస్సెక్కి వెళ్ళి రౌటర్ లాగ్ తెరిచాను. పెట్టె తనలో జరిగిందంతా రాసుకునే చిట్టా అది. ప్రతి శుక్రవారం పదకొండు ప్రాంతంలో ఎవరో అవతలి పెట్టె అడ్రసు మార్చినట్టు కనబడింది. ఆ నంబరు మారితే సమాచారం ఇంకెక్కడికైనా పోవచ్చు.

"మాబూ, ఇది నువ్వేనా?"

"నేనే అన్నా."

"రేట్లు ఎవరికి పంపిస్తాండావు?"

"ఎవరికి పంపేది? లైను తెగిపోతాది, కలుపుకుంటాండా."

"మరి కొత్త నంబరు నీకెవరిస్తాండారు?"

అతను తల దించుకున్నాడు. "అదొక్కటీ అడగొద్దన్నా. నౌకరీ పోతే పోనీ."

ఆ మాటతో నా అనుమానం ఇంకా గట్టిపడింది. నంబరు రాసుకొచ్చి చూస్తే, అది శెట్టిగారి కర్నూలు అంగడిదే! అంటే నంబరు చెప్పేది అక్కడివాళ్ళే. తర్వాతి శుక్రవారం పొద్దున్నే వెళ్ళి అంగడిలో ఒక మూల కూర్చున్నాను.

శెట్టిగారి భార్య వచ్చి కాటా, కంప్యూటరు తుడిచి బొట్లు పెట్టింది. తర్వాత రౌటర్ ప్లగ్గు పీకి, తడిబట్టతో తుడిచి, పసుపు కుంకుమ పెట్టి, మళ్ళీ ప్లగ్గు పెట్టింది. కంప్యూటర్లో కొత్త నంబరు కనబడే పేజీ తెరిచి ఫోన్ అందుకుంది. "రాసుకో మాబూ..."

నన్ను చూసి ఉలిక్కిపడింది. "ఆయనకు చెప్పొద్దు నాయనా. ముట్టుకోవద్దని కసురుతాడు. అన్నిటికీ బొట్టు పెట్టి దీన్ని వదిలేస్తే ఎట్ల?"

"అమ్మా, మాబు నౌకరీ పోయేటట్టుండాది."

"నా కోసరమా?" కుంకుమ భరిణె చేతిలో ఉండగానే ఆమె శెట్టిగారి గదిలోకి నడిచింది.

వెనకే నేనూ వెళ్ళి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ప్లగ్గు పీకి పెట్టినప్పుడల్లా టెలిఫోన్ వాళ్ళ నుంచి కొత్త నంబరు వస్తుంది. మారని నంబరు కోసం మొదట్లోనే దరఖాస్తు పెట్టాల్సింది. కరెంటు పోయినా బ్యాటరీ ఉంది, పెట్టె ఎప్పుడూ ఆరదులే అని నేనే వదిలేశాను.

శెట్టిగారు భార్య వైపు చూశారు. "ఎన్నిసార్లు చెప్పినా దాన్ని ముట్టుకుంటావు!"

"నీ గల్లాపెట్టెను ముట్టుకుంటే ఏమీ అనవే?"

శెట్టిగారు కడపకు ఫోన్ కలిపారు. "మాబూ, నేనప్పా... నిన్ను శానా తప్పుగా అనుకుంటి."

ఎవరు, ఎప్పుడు మార్చారో లాగ్ చెప్పింది. ఎందుకు మార్చారో మనిషే చెప్పాలి. ఆ రోజు మాబును నేను ఎందుకని అడగలేదు, ఎవరికని అడిగాను. అప్పటి నుంచి ఏ ఆఫీసులో లైను తెగినా, ముందు నేను చేసిన పని చూసుకుంటాను. మనుషుల దగ్గరికి ఆ తర్వాతే వెళ్తాను.