నీళ్ల సీసాల కాపలా

మల్కాపురంలో ఉండే మా బావకు పరోపకార బుద్ధి ఎక్కువ. విశాఖ చలికే మంకీ టోపీ పెట్టుకునే ఆ మనిషి ఒకసారి మాతో హిమాలయాలకు ట్రెక్కింగ్‌కు వచ్చాడు.

మంచులో గుడారాలు వేసుకున్న మొదటి రాత్రే మా సీసాల్లో నీళ్లు గడ్డకట్టాయి. పొద్దున గొంతు తడుపుకునే దారి లేకపోయింది. ఆ సాయంత్రం బావ అందరి స్టీలు సీసాలూ అడిగి తీసుకున్నాడు. వంటాయన చేత కాగిన నీళ్లు పోయించి, ఒక్కోదానికీ ఒక మేజోడు తొడిగి, అన్నింటినీ తన స్లీపింగ్ బ్యాగులో సర్దుకున్నాడు.

"మీరంతా తొంగోండి బావా. ఈటి సంగతి నాను సూసుకుంతాను" అన్నాడు.

మేం తెల్లవార్లూ వణికాం. పొద్దున్నే గోరువెచ్చని నీళ్లు చేతికిస్తే మావాళ్లు దండం పెట్టినంత పని చేశారు. బావ చెమట తుడుచుకుంటూ లేవడం నేనొక్కడినే చూశాను.

"ఈ రాత్రికి సీసాలు నా దగ్గర పెట్టుకుంటాలే బావా" అన్నాను.

"నీకెందుకు బావా ఆ కట్టం" అన్నాడు దయగా.

మొన్న మే నెలలో అందరం జీపులో భీమిలి బయలుదేరాం. ఫ్రిజ్‌లోంచి తీసిన నీళ్ల సీసాలు కనబడగానే బావ చేతులు చాచాడు.

"ఎండకి ఏడెక్కిపోతాయి బావా. నా ఒళ్లో ఎట్టీండి."