ఉప్పు చూడని వంటవాడు

ఆ రోజుల్లో మా నెల్లూరు వైపు దుబాయ్ అంటే అందరికీ ఒకటే అభిప్రాయం. అది సాయిబుల దేశం, అక్కడికి పోయిన సాయిబు పిల్లోడికి ఏ లోటూ ఉండదు. నన్ను బస్సెక్కిస్తూ మా వాడ పెద్దలు, "నీకేందిరా అబ్బయా, అడుగడుగునా మసీదే, అందరూ మనోళ్ళే" అన్నారు. వాళ్ళ మాటలో సగం నిజముంది. మసీదులకు కొదవ లేదు, మనోళ్ళే కనపడలేదు. షార్జా దాటాక ఎడారిలో సజ్జా అనే చోట, ఇనుప గేట్లు చేసే ఫ్యాక్టరీలో నాకు హెల్పరు ఉద్యోగం. అక్కడి ఫోర్‌మన్ గోదావరి జిల్లా ఆయన. ముదీర్ (మేనేజరు) దగ్గర పలుకుబడి ఉండటంతో తన బావమరిదిని, బావమరిది తోడల్లుణ్ణి, ఊళ్ళో తన చర్చికి వచ్చే కుర్రాళ్ళనందరినీ వరసగా వీసాలిప్పించి దింపుకున్నాడు. ఏజెంటు పుణ్యమా అని బయటివాణ్ణి నేనొక్కణ్ణే వాళ్ళ క్యాంపు గదిలో ఊడిపడ్డాను. సొంత ఊళ్ళో పుట్టినప్పటి నుంచీ మైనారిటీనే కదా, ఇక్కడైనా మెజారిటీ అంటే ఎలా ఉంటుందో చూద్దామని విమానమెక్కితే, మా గది గడప లోపల మళ్ళీ నేనే మైనారిటీ. (మసీదులో కూడా సుఖం లేదు. మేం ఇంట్లో తెలుగే మాట్లాడే దూదేకుల వాళ్ళం. నా ఉర్దూ వినగానే హైదరాబాదు భాయీలు ముఖాలు చూసుకుని నవ్వేవాళ్ళు.)

ఫోర్‌మన్‌ను అందరూ బ్రదర్ గారు అనేవాళ్ళు. మనిషి చెడ్డవాడు కాదు. ఆ మాట ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే ఆయన చెడ్డవాడైతే నాకు ఇన్నేళ్ళు ఈ కడుపుమంట ఉండేది కాదు, నాలుగు తిట్లు తిట్టి మరిచిపోయేవాణ్ణి. ఆ దేశంలో సెలవు శుక్రవారం కాబట్టి అక్కడి చర్చిలకు శుక్రవారమే ఆదివారం. పొద్దున్నే అందరూ తెల్ల చొక్కాలు వేసుకుని, బైబిళ్ళు చంకన పెట్టుకుని, కంపెనీ వ్యానులో షార్జాలో ఆరాధనకు పోయేవాళ్ళు. వ్యాను తోలేది బ్రదర్ గారే. నేను వచ్చిన మొదటి శుక్రవారమే ఆయన నా భుజం మీద చెయ్యేశాడు. "తమ్ముడూ, మేమంటే అంత దూరం పోవాలి. నీకు మసీదు గోడవతలే ఉంది కదా. దేవుడు నీకు టైం మిగిల్చాడు. ఆ టైంలో మాకు కాస్త బిర్యానీ వండిపెట్టేత్తే నీకూ పుణ్యం, మాకూ కడుపునిండుద్ది. ఆయ్!" అన్నాడు. ఆ విధంగా, మసీదు దగ్గరగా ఉన్న నేరానికి, శుక్రవారం వంట నా మెడకు పడింది. బిర్యానీకి దమ్ వేసి జుమ్మా నమాజుకు పరిగెత్తేవాణ్ణి, చివరి సలాం తిప్పీ తిప్పగానే పొయ్యి దగ్గరికి పరిగెత్తేవాణ్ణి. నమాజులో నా మనసు ఎక్కడుండేదో ఆ దేవుడికే తెలుసు, అడుగంటితే వాసన మసీదు దాకా వచ్చేది మరి.

గదిలో చర్చికి పోకుండా మిగిలే మనిషి ఇంకొకడుండేవాడు. నరసాపురం వైపు పెద్దాయన, వెల్డరు. ఆయనా క్రైస్తవుడే గానీ ఆర్సీఎం, అంటే కేథలిక్కు. మంచం తల దగ్గర మరియమాత పటం, దిండు కింద జపమాల. మిగతావాళ్ళు ఆయన్ని "మావయ్యా, ఆ బొమ్మకి దండవెట్టడం ఎప్పుడు మానేత్తావ్?" అని ఏడిపించేవాళ్ళు. వాళ్ళతో వ్యాను ఎక్కనని పట్టుబట్టి గదిలోనే జపం చేసుకునేవాడు. మైనారిటీలో మైనారిటీ అన్నమాట. ఉల్లిపాయలు తరగడానికి నాకు తోడు ఆయనే.

రంజాన్ వచ్చింది. నాకు రోజా. శుక్రవారం వంట మాత్రం ఆగలేదు. రోజా ఉన్నవాడు నాలుకకు ఏదీ తగలనివ్వడు కదా, మరి ఉప్పు చూసేదెవరు? మావయ్య ముందుకొచ్చాడు. గరిటె అరచేతిలో వంచుకుని చప్పరించి, "ఎక్కువైపోయింది, ఇంకెయ్యకు" అన్నాడు. చర్చి నుంచి వచ్చినవాళ్ళు మొదటి ముద్దకే మొహాలు చిట్లించారు. "ఏరా తమ్ముడూ, మీ నెల్లూరులో సముద్రం ఎండిపోయిందేటి?" అన్నాడు బ్రదర్ గారు. మరుసటి శుక్రవారమూ అదే కథ. అప్పుడు తెలిసింది, మావయ్యకు బీపీ అని, ఆయన ఎన్నో ఏళ్ళుగా చప్పిడి కూడే తింటున్నాడని, చిటికెడు పడినా ఆయనకు ఉప్పుకషాయమేనని. "మరి మొదట్నే చెప్పకూడదా మావయ్యా?" అంటే, "నన్నొకడు రుచి అడిగి ఎన్నాళ్ళయిందో. కాదనబుద్ధి కాలేదురా" అన్నాడు. ఇక ఆయనకు ఎక్కువనిపించిన దానిమీద ఇంకో గుప్పెడు వేయడం నేర్చుకున్నాను, బిర్యానీ కుదిరింది. (సాయంత్రాలు మాత్రం గదంతా నా వెనకే. మసీదు గుడారంలో ఇఫ్తారు ఉచితం కాబట్టి బ్రదర్ గారి బలగమంతా నాకంటే ముందే చాపల మీద బాసింపట్టు వేసుకుని కూర్చునేది. ఖర్జూరం పంచేవాడు ఎవర్నీ మతం అడగలేదు. ఆ మాటా చెప్పుకోవాలి.)

ఇంతకీ ఇంత చాకిరీ నేనెందుకు చేశానంటే, నాకో ఒప్పందం ఉంది. మా అక్క ఉమ్ అల్ క్వైన్‌లో ఒక అరబ్బు ఇంట్లో పనిమనిషి. నాకంటే ముందే వచ్చింది. తనని చూసి మూడేళ్ళయింది. పక్కపక్క ఊళ్ళలోనే ఉన్నాం గానీ ఆమెకు సెలవు లేదు, నాకు దారి లేదు. సజ్జాకు అప్పట్లో బస్సు రాదు, టాక్సీ పొరపాటున కూడా తొంగిచూడదు. ఆ ఇంటి మలయాళీ డ్రైవరు ఫోనులో అక్క ఓ రోజు గుసగుసగా మాట్లాడింది. "పండగ రోజు మధ్యాన్నం జొహర్ నమాజు నుంచి సాయంత్రం అసర్ దాకా మేడం నన్ను ఒదుల్తాదంట. గేటు కాడ గదిలో కూసొని మాట్లాడుకోవచ్చంట. వస్తావా అబ్బయా?" అంది. బ్రదర్ గారిని అడిగితే, "పండగ రోజు వ్యాను నీదే. నేనే తోలుకెళ్తా. ఇంతమందికి వండిపెట్టినోడివి, ఆ మాత్రం చెయ్యమేటి?" అన్నాడు. ఆ మాట మీదే నెలంతా ఉల్లిపాయలు తరిగాను.

పండగ ఇంకా రెండు రోజులుందనగా బ్రదర్ గారు గదిలో ప్రకటన చేశాడు. ఊరినుంచి ఒక దైవజనుడు, అదే పాస్టరు, వస్తున్నాడు, పండగ సెలవులకు అందరూ ఖాళీగా ఉంటారు, కాబట్టి సెమీ క్రిస్మస్ పండగ రోజే, మన క్యాంపు మెస్ హాల్లోనే! (ఆ ఏడు రంజాన్ పండగ డిసెంబరులో పడింది, తెలుగు క్రైస్తవులకు ఆ నెలంతా క్రిస్మసే. అసలు పండగకు ముందు జరిపేది సెమీ క్రిస్మస్.) ఆ దేశంలో వాళ్ళ ఆదివారం శుక్రవారమైనట్టే, ఆ ఏడు వాళ్ళ క్రిస్మస్ నా రంజాన్ పండగ అయి కూర్చుంది. నేను నోరు తెరిచేలోపే, "నీ సంగతి నాకు గుర్తుంది తమ్ముడూ! పొద్దున్నే వంట దించెయ్. దైవజనుణ్ణి తెచ్చి దింపెయ్యగానే మనం బయల్దేరిపోదాం" అన్నాడు. అందరూ ఆమెన్ అన్నారు. నేనూ తలూపాను.

పండగ నమాజు చేసి వచ్చి, కొత్త చొక్కా మేకుకు తగిలించి, లుంగీ మీద వంటకు దిగాను. నాలుకకు మళ్ళీ స్వాతంత్ర్యం వచ్చింది కాబట్టి ఉప్పు నేనే చూసుకున్నాను. దివ్యంగా కుదిరింది. జొహర్‌కు ముందే చొక్కా తొడుక్కుని రోడ్డు మీద నిలబడ్డాను. వ్యాను వచ్చింది, దైవజనుడు దిగాడు, వ్యాను కుర్చీలకు పోయింది. కుర్చీలు దిగాయి, మైకుకు పోయింది. అజ్మాన్‌లో ఎవరో చెల్లెమ్మలు ఎదురుచూస్తున్నారని మళ్ళీ పోయింది. "ఒక్క ట్రిప్పు తమ్ముడూ!" అని కిటికీలోంచి చెయ్యి ఊపుకుంటూ ఆయన, ఇదిగో ఇప్పుడే అనుకుంటూ నేను. అక్క వాళ్ళ మలయాళీ డ్రైవరుకు ఫోను చేస్తే ఎత్తడం లేదు, పండగ కదా, ఆ ఇంటివాళ్ళను బంధువుల ఇళ్ళ చుట్టూ తిప్పుతున్నాడేమో. హాల్లో పాటలు మొదలయ్యాయి. దైవజనుడు భోజనానికి ముందు నా చేతి వంటను ఆశీర్వదించి, వండిన బిడ్డకు కూడా వెలుగు చూపమని గొంతెత్తి ప్రార్థించాడు. నాకు కావలసింది వెలుగు కాదు, వ్యాను. అసర్ అజాన్ వినపడింది. ఆఖరికి మావయ్యే హాల్లోకి పోయి, మైకు పక్కనే నిలబడి, "ఏవయ్యా, ఆడపిల్ల గేటు కాడ కూకుని ఉంటది. నీ ప్రభువు నీకు చెప్పలేదా?" అని అరిచాడు. ఆయన గొంతు పెరగడం నేను చూసింది ఆ ఒక్కసారే. బ్రదర్ గారు పాపం నాలుక కరుచుకుని, తింటున్న చెయ్యి కడుక్కుని వ్యానెక్కాడు.

మేం చేరేసరికి పొద్దుగూకి మగ్రిబ్ అజాన్ అవుతోంది. గేటు వేసి ఉంది. అప్పుడే తిరిగొచ్చిన డ్రైవరు నన్ను చూసి తల అడ్డంగా ఊపాడు. అక్క అసర్ దాటాక కూడా చాలాసేపు గేటు దగ్గరే కూర్చుందట. ఆ తర్వాత మేడం తనని తీసుకుని బంధువుల ఇంటికి పోయింది. రాత్రికి అక్కడే. "ఇది నీకిమ్మంది" అని ఒక స్టీలు డబ్బా చేతిలో పెట్టాడు. సేమ్యా పాయసం. ఆమె చేతి పాయసం తిని నాకు మూడేళ్ళు.

తిరుగుదారిలో బ్రదర్ గారు ఎవరో ఇద్దరు బ్రదర్లను ఎక్కించుకున్నాడు. ఒక మసీదు దగ్గర ఆపమని, డబ్బా సీటు మీద పెట్టి, నేను నమాజుకు దిగాను. తిరిగొచ్చేసరికి డబ్బా ఖాళీ. "మీ అక్క చెయ్యి బంగారం రా! పండగ ప్రసాదం కదా అని ప్రార్థన చేసుకుని మరీ తిన్నాం" అన్నాడు, మూతి తుడుచుకుంటూ, నిండు ప్రేమతో. ఆయన మొహంలో కల్మషం వెతికాను. ఉంటే బాగుండేది. ఎక్కువమంది ఉన్నవాళ్ళు తక్కువవాణ్ణి కొట్టనక్కర లేదు, తిట్టనక్కర లేదు. గుర్తుపెట్టుకోకపోతే చాలు. ఆ మాట ఆ రోజు నాకు తెలిసింది. డబ్బా అడుగున ఇంకా కొంచెం అంటుకుని ఉంది, వేలితో గీకి చూడొచ్చు. పౌరుషం అడ్డొచ్చింది. క్యాంపుకు పోగానే కుళాయి కింద పెట్టి కడిగేశాను.

ఆ నెలలోనే అక్క పనిచేసే ఇంటివాళ్ళు అల్ ఐన్‌కు ఇల్లు మారారు. అక్కను మళ్ళీ చూసింది నాలుగేళ్ళ తర్వాత నెల్లూరులో, తను పూర్తిగా తిరిగొచ్చాకే. జుట్టు సగం నెరిసింది. నన్ను పట్టుకుని కాసేపు ఏడ్చి, కళ్ళు తుడుచుకుని, మొదట అడిగిన మాట ఇది. "ఆ దినం పాయసం ముందు రోజే కాచినా అబ్బయా. రోజా గదా, నోట ఏసుకుని చూసేదానికి లేకపోయె. ఇన్నాళ్ళూ అదే దిగులు నాకు. చక్కెర సరిపోయిందా?"

నేను ఇప్పటికీ ఆ కుళాయి దగ్గరి కుర్రాణ్ణి తలుచుకుని నవ్వుకుంటాను. అంత పౌరుషం ఎందుకురా వెర్రివాడా, ఒక్క వేలు గీకి ఉంటే నీ సొమ్మేం పోయేది, అక్కకు నిజం చెప్పడానికి పనికొచ్చేది కదా అని. అక్క అలా అడిగిన రోజు మాత్రం నవ్వు రాలేదు.

"సరిపోయిందక్కా" అన్నాను.