హాజరు పలికిన గొంతు

అరవైల మొదట్లో నెల్లూరులో ఒక కాలేజీలో లెక్కలు చెప్పేవాణ్ణి. ఒక ఏడు గాలివానకు కోట ఊరి దిక్కు సముద్రపు పల్లెలు బాగా దెబ్బతిన్నాయి. కాలేజీ మళ్లీ తెరవగానే ప్రిన్సిపాల్ గారు కొత్త ట్యూటర్లను, అంటే డిగ్రీ కాగానే పాఠాలకు నిలబెట్టినవాళ్లను, నాకు అప్పగించారు. "దుఃఖంలో ఉన్న పిల్లలతో ఎలా మెలగాలో వీళ్లకు నేర్పండి" అన్నారు. నాకెవరు నేర్పారు గనక! సరేనని తలూపాను.

మొదటి రోజే రంగనాథం అనే ట్యూటరు క్లాసు మధ్యలో బయటికొచ్చేశాడు.

"సార్, అలవాటుకొద్దీ సుబ్బరాయుడి పేరు పిలిచినాను. 'ప్రెజెంట్ సార్' అన్నాడు. వాడి గొంతే సార్!"

సుబ్బరాయుడు ఆ క్లాసు పిల్లవాడే, గాలివానలో పడవతో సహా పోయాడు. శవం దొరకలేదు.

"నీ మొహం! ఎవడో ప్రాక్సీ పలికుంటాడు" అన్నాను. రానివాడి బదులు ఇంకొకడు హాజరు పలకడాన్ని ప్రాక్సీ అంటాం.

మర్నాడు నేనే వెళ్లాను. పట్టపగలు, కిటికీల నిండా ఎండ. ఆ పేరు పిలిచాను.

"ప్రెజెంట్ సార్."

కొంచెం జీర, చివర్న సాగదీత, అచ్చం వాడే. గబుక్కున తలెత్తాను. చివరి బల్లమీద, ఖాళీ చోటు పక్కన, పోలయ్య పెదాలు అప్పుడే మూసుకున్నాయి. వాడు సుబ్బరాయుడి చిన్నాన్న కొడుకు.

రంగనాథం ఫైన్ వేద్దామన్నాడు. "ఊరుకోవయ్యా!" అని కసిరి, పోలయ్యను వరండాలో కూర్చోబెట్టుకున్నాను.

"మొదట్నుంచీ వాడికి నేను, నాకు వాడు పలుకుతా ఉండాం సార్. ఇప్పుడా పేరు వింటే నా నోట్లో వాడి గొంతే వస్తా ఉంది. పేరు కొట్టేయబాకండి. కొట్టేస్తే నేను చదువు మానేసి, పడవెక్కి వాణ్ణి ఎతుక్కుంటా పోతా."

నాకు భయం వేసింది. వీడూ పోతాడేమోనని.

"పిలుస్తూనే ఉంటాంలేరా. ఎప్పుడు ఆపాలో నువ్వే చెప్పు. నువ్వు మాత్రం రోజూ రావాల" అన్నాను.

ట్యూటర్లకూ అదే చెప్పాను: పేరు పిలవండి, క్లాసయ్యాక పోలయ్యతో కాసేపు కూర్చోండి, వాడు చెప్పేది వినండి. ఆ పేరు దగ్గరికొచ్చేసరికి రంగనాథానికి చెమటలు పట్టేవి. అయినా పిలిచేవాడు.

పరీక్షలు దగ్గరపడ్డాక ఒక ఉదయం జవాబు రాలేదు. రంగనాథం మళ్లీ పిలిచాడు. పోలయ్య లేచి, తన సొంత గొంతుతో "ఆబ్సెంట్ సార్" అన్నాడు. బల్లమీద తల ఆనించి భోరున ఏడ్చాడు. రంగనాథం వెళ్లి, అన్నాళ్లూ ఎవరూ కూర్చోని ఆ ఖాళీ చోట్లో కూర్చున్నాడు.

తర్వాత ఎందరు ట్యూటర్లు వచ్చినా నేను నేర్పింది అదొక్కటే. పోయినవాడి చోటు కనబడితే చూపు తిప్పుకోకండి, వెళ్లి అక్కడ కూర్చోండి.