నీళ్ల లెక్కలో ఇసుక వేడి

మా చిన్నమామను వీధిలో అందరూ తుపాకి మామ అంటారు. ఆయన ఉద్యోగం ఇసుక మేటలో నిలబడి, తుపాకిలాంటి పరికరాన్ని నేలకు గురిపెట్టి మీట నొక్కడం. నేల నుంచి వచ్చే, కంటికి కనబడని పరారుణ కిరణాలను పట్టి, పైపొర ఎంత కాలిందో అది అంకెల్లో చూపిస్తుంది. ఆకాశం నుంచి ఉపగ్రహం కొలిచేదీ అదే. ఉపగ్రహం నిజం చెబుతోందో లేదో తేల్చడానికే మామను పెట్టుకున్నారు. చివరికి ఉపగ్రహాన్ని నమ్మి మామను అనుమానించారు.

పన్నెండేళ్లుగా పొద్దున పదిన్నరకు, ఉపగ్రహం నెత్తిమీదుగా పోయే వేళకు, ఆయన ఏటి ఒడ్డున ఉంటాడు. ఈ వేసవిలో మాత్రం ఇరవై రోజులు వరసగా ఆయన అంకెలు ఉపగ్రహం చెప్పినదానికంటే ఐదు డిగ్రీలు తక్కువొచ్చాయి. ఇంట్లో కూర్చుని రాస్తున్నాడని ఆఫీసు మెమో ఇచ్చింది. వారంలో సంజాయిషీ చెప్పుకోకపోతే ఉద్యోగం ఊడుతుంది.

"రాసుంటే ఒప్పేసుకో, కాళ్లావేళ్లా పడదాం" అంది అత్త.

"దొంగలెక్కే రాయాలనుకుంటే సరిపోయేలా రాయనటే? అంత తెలివితక్కువవాణ్ణా?"

నాకూ నమ్మకం కుదరలేదు. మర్నాడు చెప్పకుండా వెనకాలే వెళ్లాను. మామ తన నీడ పడకుండా పక్కకు జరిగి, పదిచోట్ల కొలిచాడు. తర్వాత పాత థర్మామీటరు గుండును ఇసుక పైపొరలో కప్పాడు. అది యాభై రెండు చూపించింది. తుపాకి నలభై ఏడు.

"దాక్కుంది చాల్లే, రా. ఇప్పుడు ఎవర్ని అనుమానిస్తావురా?" అన్నాడు.

ఆ మధ్యాహ్నమే మెమో ఇచ్చిన అధికారిని అక్కడికి తీసుకెళ్లి అదంతా చూపించాడు. అధికారి తనకొక్కడికే తెలిసిన తాళం అంకె నొక్కి పరికరం లోపలి అమరిక చూశాడు. ఒకే వేడిలో ఉన్నా నీళ్లకంటే ఇసుక ఆ కిరణాలను తక్కువగా పంపుతుంది. దేన్ని చూస్తోందో పరికరానికి ముందే చెప్పాలి. కిందటి నెల ఆఫీసులో తొట్టి నీళ్లమీద పరీక్షించి, నీళ్ల అమరికలోనే వదిలేశారు.

"సరేలేవయ్యా, ఆ మెమో సంగతి మర్చిపో."

"మీరు నోటితో ఇవ్వలేదు కద సార్. కాగితమ్మీద ఇచ్చారు."

అధికారి అక్కడే జీపు మీద పెట్టి రాశాడు: పరికరం అమరికలో పొరపాటు జరిగినందున మెమో రద్దు.

"ఎవరు చేశారో రాయలేదు సార్."

"రాస్తే నాకొస్తుంది మెమో."

మామ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఉద్యోగం నిలిచింది. ఇప్పుడు ఆయన అంకెలు ఉపగ్రహంతో కలుస్తున్నాయి. మరీ ఇంత బాగా ఎలా కలుస్తున్నాయని అధికారి నిన్న ఫోన్ చేసి అడిగాడట.