రెండుసార్లు ఆగిన ఉత్తరం

తొమ్మిదేళ్ళుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. పేరు చెప్పను. లీడ్స్‌లో ఒక ఆసుపత్రిలో డాక్టర్‌ని, అంతవరకు చాలు. మీరెవరో నాకు తెలియదు కాబట్టే మీకు చెప్పగలుగుతున్నాను. తెలిసినవాళ్ళయితే ఈపాటికి నాలుగు సాకులు సిద్ధం చేసుకుని ఉండేదాన్ని.

ఆ అబద్ధం చెప్పింది హెరాల్డ్ అనే పెద్దాయనకి. అప్పట్లో మావి పక్కపక్క ఫ్లాట్లు. నేను డ్యూటీలో ఉంటే నా పార్సిళ్ళు తీసుకుని దాచేవారు. నేనిచ్చిన గోంగూర పచ్చడి బ్రెడ్డుకి రాసుకుని, చెమటలు కక్కుతూ కూడా బాగుందనేవారు. మంచి మనిషి. చెడ్డవాడికి అబద్ధం చెప్పి ఉంటే ఇంత బాధ ఉండేది కాదేమో.

ఒక అక్టోబరులో ఆయన ఒక రేకు డబ్బా పట్టుకుని మా తలుపు కొట్టారు. వాళ్ళ తాత మొదటి ప్రపంచ యుద్ధంలో, మద్రాసు వైపు నుంచి వెళ్ళిన తవ్వకం దళానికి ఆఫీసరు. ఇరాక్‌లో టైగ్రిస్ నది ఒడ్డున కందకాలు తవ్వించాడు. ఆ తాత పెట్టెలో దొరికిన ఒకే ఒక్క కాగితం ఆ డబ్బాలో ఉంది. అది తెలుగని ఎవరో చెప్పారట. మా బిల్డింగ్ మొత్తానికి తెలుగుదాన్ని నేనొక్కదాన్నే.

హెరాల్డ్ నా డైనింగ్ టేబుల్ మీద వేలితో గీసి చూపించారు. మొదట్లో తుపాకీ గుండు తగలకుండా పడుకునేందుకు చిన్న గుంట. తర్వాత మోకాటి లోతు, ఆ తర్వాత నిలువెత్తు. గుంటలన్నీ కలిపితే కాలవ. ఒక్క బాంబుకి వరస మొత్తం పోకూడదని ఆ కాలవని వంకర టింకరగా తవ్వేవారు. దాంట్లోంచి శత్రువు వైపు ఇంకో సన్నటి కాలవ, చీకట్లో గజం గజం తవ్వుకుంటూ. ఆ సన్న కాలవ కొసన పార పట్టుకున్నవాడే అందరికంటే ముందు చచ్చేవాడు.

"తన మనుషుల్ని అలా ముందుకు తోసి చంపాడని తాత గురించి మా ఇంట్లో గుసగుసలుండేవి," అన్నారు హెరాల్డ్. "తిరిగొచ్చాక ఆయన ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు. ఇందులో ఏముందో చెప్పు డాక్టర్. చెడ్డదైనా సరే, నిజమే చెప్పు."

కాగితం తీసి చూశాను. గొలుసుకట్టు రాత. కలం ఎత్తకుండా, మాటకీ మాటకీ సందు లేకుండా, జిలేబీ చుట్టినట్టు వరసలు. ఎంత కళ్ళు చించుకున్నా మూడే మాటలు దొరికాయి. అమ్మ. నీళ్ళు. దొరగారు. నాకు చదవడం రాదు అంటే సరిపోయేది. ఎందుకు అనలేకపోయాను? వార్డులో తెలియనిది తెలియదని రోజుకి పదిసార్లు చెబుతాను, సీనియర్ని అడిగి వస్తానంటాను, అందులో నాకే నామోషీ లేదు. కానీ ఎల్‌కేజీ నుంచి ఇంగ్లీష్ మీడియంలో చదివి, ఇక్కడికొచ్చాక ప్రతి ఉగాదికీ మైకు పట్టుకుని మన భాషని మరిచిపోవద్దని పిల్లలకి నీతులు చెప్పేదాన్ని నేను. తెల్లాయన ముందు నా భాష నాకు రాదని ఒప్పుకోవాలా?

"మీ తాతగారికి కృతజ్ఞతలు చెబుతున్నాడు," అన్నాను. ఇక నోరు ఆగలేదు. మా దొరగారు మమ్మల్ని కన్నబిడ్డల్లా చూసుకుంటున్నారు, మోకాటి లోతు నీళ్ళలో మాతోపాటే నిలబడ్డారు. వేలు కాగితం మీద ఆనించి మరీ అల్లాను. హెరాల్డ్ కళ్ళద్దాలు తీసేసి చాలాసేపు ముఖం తుడుచుకున్నారు. నవంబరులో యుద్ధ స్మారకం దగ్గర, యుద్ధంలో పోయినవాళ్ళ గుర్తుగా అందరూ పెట్టుకునే ఎర్రపువ్వు కోటుకి పెట్టుకుని, నేను అల్లిన ఆ మాటలే అందరికీ చదివి వినిపించారు. జనం తలలు వంచి విన్నారు. నేనూ వంచాను.

అక్కడితో అయిపోతే దీన్ని గొప్పలకి పోయి చేసిన తప్పు అని సర్దుకునేదాన్ని.

ఆ తర్వాతి వేసవిలో సూర్యం మావయ్య మాంచెస్టర్‌లో కూతురింటికి వచ్చాడు. రిజిస్ట్రారు ఆఫీసు బయట దస్తావేజులు రాసి బతికినవాడు. గొలుసుకట్టు ఆయనకి మంచినీళ్ళ ప్రాయం. హెరాల్డ్ కాగితం తెచ్చిన రోజే ఫోనులో తీసుకున్న ఫోటో చూపించాను. ఎందుకు చూపించాను? నేను ఊహించిందే నిజమైతే బాగుండునన్న ఆశ.

"దొరకి రాసింది కాదే అమ్మాయ్ ఇది. వాళ్ళమ్మకి రాయించుకున్నాడు," అని చదవడం మొదలుపెట్టాడు మావయ్య.

"అమ్మ పాదములకు అప్పన్న నమస్కారములు. ఇక్కడ గుంటలలో నీళ్ళు దిగుట లేదు. కాళ్ళు ఉబ్బి తోలు ఊడుచున్నది. తిండిలో మన్ను, ఈగలు. తమ్ముడు పోయినాడు. తెల్లవారుచున్నది, ఇక కనబడిపోతామని చెప్పితిమి. దొరగారు ఇంకొక పది గజములు తవ్వమన్నారు. ముందర ఉన్నది తమ్ముడే. జ్వరముతో పోయినాడని మరదలికి చెప్పుము. ఎదురు చూడవద్దని చెప్పుము."

కింద ఊరి పేరు, ఇంటిపేరు.

సిపాయిల ఉత్తరాలు ఆఫీసరు చేతుల మీదుగానే పోయేవట. ఇది పోలేదు. హెరాల్డ్ తాత ఎవరి చేతనో చదివించుకుని ఉంటాడు, పెట్టెలో పెట్టేసుకున్నాడు. చింపెయ్యలేకపోయాడు, పంపలేకపోయాడు. ఆ మనిషిని తిట్టుకున్నాను. ఏ ముఖం పెట్టుకుని తిట్టానో.

వారం తర్వాత హెరాల్డ్ ఆసుపత్రిలో చేరారు. చూడ్డానికి వెళ్తే దిండు కింద నుంచి ఆ కాగితం తీసి నా చేతిలో పెట్టారు. "ఇంకోసారి చదవవా? ఆ భాషలోనే చదువు, నాకు వినాలనుంది."

ఇప్పుడు ప్రతి మాటా నాకు తెలుసు. నిజమే చెప్పమని అడిగిన మనిషి ఎదురుగా ఉన్నారు. తెలుగులో నిజం చదివినా ఆయనకి అర్థం కాదు కదా, కనీసం ఆ పనైనా చేసి ఉండొచ్చు. చేయలేదు. మళ్ళీ కన్నబిడ్డలు, మళ్ళీ మంచి దొరగారు, ఈసారి తెలుగులో. చావుబతుకుల్లో ఉన్నవాడిని బాధపెట్టడమెందుకని అనుకున్నాను. అది దయ కాదు. నా మొదటి అబద్ధం బయటపడుతుందన్న భయం. దయని అడ్డు పెట్టుకున్నాను, అంతే.

ఆయన పోయాక కొడుకు ఆ కాగితాన్ని ఆయన కోటు జేబులో పెట్టి, ఆయనతోపాటే దహనం చేయించాడు. ఆయనకి ప్రాణమట అదంటే. నేను ముందు వరసలో కూర్చుని చూశాను.

ఫోటో మాత్రం నా దగ్గర ఉంది. ఊరి పేరు ఒకసారి మ్యాపులో కొట్టాను. కనబడింది. మూసేశాను. ఆ ఇంటిపేరు గలవాళ్ళు ఇంకా అక్కడ ఉండొచ్చు. ఆ ఉత్తరాన్ని మొదట ఆపింది దొర. ఆయనకి ఉద్యోగం, పరువు, యుద్ధం ఉన్నాయి. రెండోసారి ఆపింది నేను. నాకేముంది అడ్డం?

అప్పన్న మరదలి పేరు ఉత్తరంలో లేదు. ఎన్నేళ్ళు గుమ్మంలో నిలబడి చూసిందో, మళ్ళీ పెళ్ళి చేసుకుందో లేదో, భర్త సంగతి తెలియకుండానే పోయిందో. ఆమెకి నేను చేయగలిగింది ఏమీ లేదు, ఆ సంగతి తెలుసు. కానీ ఆ ఇంట్లో పుట్టినవాళ్ళకి చెప్పొచ్చు. తొమ్మిదేళ్ళలో ఏ రోజైనా చెప్పొచ్చు. చెప్పలేదు.

ఇదంతా రాయడం ఇదే మొదటిసారి. నన్ను క్షమించమని అడగను. క్షమించాల్సినవాళ్ళు మీరు కాదు, ఆ హక్కు ఉన్నవాళ్ళకి నేనెవరో కూడా తెలియదు. అప్పన్న తమ్ముడు పది గజాల కోసం చచ్చిపోయాడు, ఆ సంగతి దాచి నేను అబద్ధం చదివాను, తెలిసి తెలిసి చదివాను. ఈ వాక్యం రాశాక చాలాకాలానికి నాకు నిండుగా ఊపిరి ఆడింది. ఇది రాస్తూ కూడా ఆ ఊరి పేరు మాత్రం రాయలేదు.